బుల్లి పేరు మీద

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరూ కామాగారు అంటారు. ముప్పై ఏళ్లుగా అదే పేరు. కామా పడాల్సిన చోట పడకపోతే ఆ పూట ఆయనకు ముద్ద దిగదని మిషన్ల దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. పెళ్లికి ముందు ఆయన రాసిన ఉత్తరాన్ని ఆ పిల్ల తప్పులు దిద్ది వెనక్కి పంపిస్తే, ఆ ధైర్యానికే పడిపోయి చేసుకున్నాడని కూడా అంటారు. మొదటిది అబద్ధం. రెండోది నిజం. ఆ ఉత్తరంలో తప్పులు నాలుగు. నాలుగూ ఒత్తులే.

ఆ పిల్లకిప్పుడు యాభై రెండేళ్లు. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, నాలుగేసి గంటలు మిషన్‌కి ఒళ్లప్పగించి పడుకుంటుంది. రోజుకు తాగాల్సిన నీళ్లు ఒకే ఒక్క సీసా. పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత అని కామాగారు దాని మీద గీతలు గీసి పెట్టాడు. దాహం ఆగనప్పుడు ఆమె ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడదు. చేతిలో సూదులు గుచ్చే నరం రెండుసార్లు మూసుకుపోయింది. ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టారు.

"ఈ గొట్టంతో ఎన్నాళ్లో నెట్టలేమండీ," అంది డాక్టరమ్మ, ఆయన్ని పక్కకు పిలిచి. "చీము పడితే అదో గండం. ఈ ఆరేడు నెలల్లో ఎవరైనా కిడ్నీ ఇస్తే మనిషి మనకు దక్కుతుంది."

ఆయనది పనికిరాదన్నారు. రక్తం గ్రూపు వేరు, పైగా షుగరు. పిల్లలు లేరు. ఆమె అన్నదమ్ములు ఫోను తీయడం మానేశారు. ఒక వదినగారైతే ఈయన నోరు తెరవకముందే తన నడుం నొప్పి గురించి అరగంట ఏకరువు పెట్టింది. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీ కోసం వరసలో పేరు రాయిస్తే, ఆరేళ్లు పడుతుందని గుమస్తా తలెత్తకుండానే చెప్పాడు.

చట్టం చెప్పేది ఒక్కటే ముక్క. దగ్గరి బంధువు, బంధుత్వం నిజమేనని ఒక కమిటీ తేల్చాక, ప్రేమకొద్దీ ఇవ్వొచ్చు. బయటివాళ్లు డబ్బుకు ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్లకూ జైలే, పుచ్చుకున్నవాళ్లకూ జైలే.

ఆ చట్టాన్ని మార్చాలా వద్దా అని ఆ ఏడాదంతా ఒకటే రభస. అవయవాల అమ్మకాన్ని అనుమతించాలని సభలో బిల్లు పెట్టారు. టీవీల్లో అరుచుకున్నవాళ్లు అరుచుకోగా, మిగిలిన గొడవంతా కాగితాల రూపంలో కామాగారి బల్ల మీదికి వచ్చి పడింది. ఎందుకంటే అటువాళ్ల పుస్తకాలూ ఇటువాళ్ల పుస్తకాలూ ఆ ప్రెస్సులోనే అచ్చవుతాయి. యజమానికి సిద్ధాంతాలతో పేచీ లేదు, అచ్చుకిచ్చినవాడే దేవుడు.

బిల్లు కావాలన్నవాళ్ల పుస్తకం ఇలా మొదలైంది: "నా ఒళ్లు నాది. రాళ్లు మోసి నడుం అమ్ముకోవచ్చు, గనిలో దిగి ఊపిరితిత్తులు అమ్ముకోవచ్చు, కిడ్నీ మాత్రం అమ్ముకోకూడదా?" వద్దన్నవాళ్లది ఇలా: "సంతలో పెట్టాక ఎవరి కిడ్నీ ఎవరి ఒంట్లోకి పోతుందో వేరే చెప్పాలా? పెద్దింటి మనిషి పేదవాడికి కిడ్నీ అమ్మినట్టు ఎవరైనా విన్నారా?" కామాగారు రెండూ చదివి రెండింటికీ తలూపాడు. పొద్దున ఒకటి నిజమనిపించేది, సాయంత్రం ఇంకోటి. ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజున మాత్రం మొదటిదొక్కటే నిజం.

ఆ మొదటి పుస్తకం అట్ట మీద "అవయవదానం" అని ఉండాల్సింది "అవయవధనం" అని పడింది. దీర్ఘం ఊడిపోయి, ఒత్తు వచ్చి కూర్చుంది. కామాగారు ఎర్ర సిరాతో చుట్టి, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి భార్యకు చూపించాడు. ఎన్నాళ్లకో ఆమె పగలబడి నవ్వింది.

"దిద్దకండి," అంది. "ఇన్నాళ్లకి ఒక్క నిజం అచ్చేశారు."

చుట్టాలాయన పరిచయమైంది ఆసుపత్రి క్యాంటీన్లో. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. చట్టానికి చుట్టాలు కావాలి గనుక, లేనివాళ్లకు ఆయన చుట్టాల్ని కుదురుస్తాడు. బాబాయి కావాలంటే బాబాయి, మేనకోడలు కావాలంటే మేనకోడలు. చంకలో ఫైలు, మొహం నిండా నవ్వు, పెళ్లి సంబంధం తెచ్చినవాడి హడావిడి.

"ఒకావిడ ఉందండీ. హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. రక్తం కలిసింది. మిగతా టెస్టులు నాకొదిలెయ్యండి. మీ ఆవిడ మేనత్తకి కోడలని రాయించేద్దాం."

"మేనత్త కోడలు కిడ్నీ ఎందుకిస్తుందయ్యా? కమిటీవాళ్లు నమ్మొద్దూ?"

"కాస్త అటూ ఇటూ ఉంటుంది లెండి. సర్దుకుపోతారు."

అటూ ఇటూ అన్న మాటే కామాగారికి గిట్టదు. దొంగ కాగితమైనా సరే, తప్పుల్లేకుండా ఉండాలి. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, మూడోరోజు ఇంట్లో పాత ఇనప్పెట్టె తీశాడు. అడుగున భార్య చెల్లెలి కాగితాలున్నాయి. పుట్టినట్టు సర్టిఫికెట్, రెండో తరగతి మార్కుల కాగితం. ఆ పిల్లని ఇంట్లో బుల్లి అనేవారు. ఏడేళ్లకే జ్వరంతో పోయింది. పోయినట్టు ఎక్కడా రాయించలేదు. ఆ ఏడుపులో ఎవరికి గుర్తుంటుంది? కాబట్టి కాగితాల మటుకు బుల్లి ఇంకా బతికే ఉంది. ఉంటే నలభై ఏడేళ్లుండేవి. లాండ్రీ ఆవిడకూ అటుఇటుగా అంతే.

తోడబుట్టిన చెల్లెలు. పొల్లు పోని కాగితాలు. చుట్టాలాయన వాటిని చూసి కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "మీరు మా లైన్లోకి రావాల్సిన మనిషండీ!" అన్నాడు. కామాగారు పైకి విసుక్కున్నాడు గానీ లోపల మురిసిపోయాడు. ఇంత తెలివైన పని జన్మలో చేయలేదనుకున్నాడు. సరిగ్గా అక్కడే పప్పులో కాలేశాడు.

భార్యకు చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నీళ్లసీసా మీది గీతల వంక చూసింది.

"దాని పేరా?" అంది.

"పేరే కదే. పేరుకేమన్నా నొప్పా? నీ ప్రాణం కంటే ఎక్కువా?"

ఆమె సరేనంది. ఆవిడేమీ దేవత కాదు. బతకాలని గట్టిగా ఉంది, చావంటే మనలాగే భయం.

కమిటీ ముందుకు వెళ్లడానికి నెల్లాళ్ల గడువుంది. ఇరుగుపొరుగును కూడా విచారిస్తారు గనుక ఆ నెలంతా లాండ్రీ ఆవిడ ఇంట్లోనే ఉండాలని, చెల్లెలు వచ్చిందని వాటాలవాళ్లందరికీ చెప్పాలని చుట్టాలాయన హుకుం జారీ చేశాడు. ఆవిడ ఒక సంచీతో దిగింది. బక్కపలచని మనిషి. వేడి నీళ్లకీ సోడాకీ వేళ్ల చర్మం ఊడి తెల్లగా పాలిపోయి ఉంది. వచ్చిన గంటకల్లా, ఎవరూ చెప్పకుండానే, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ నాలుగు మూలలూ కలిపి పలకల్లా మడిచి పెట్టేసింది.

కామాగారిని "సార్" అంది.

"సార్ ఏంటమ్మా, బావ!" అన్నాడు చుట్టాలాయన.

"బావగారండీ," అందావిడ చేతులు కట్టుకుని.

"గారూ వద్దు, అండీ వద్దు. అక్క మొగుడు. ఆటపట్టించాలి. మీరు కూడా ఏదో ఒక మాట అంటుండాలండీ. మరదలు ఇంట్లో తిరుగుతుంటే బావ మొహం ఇలాగేనా ఉండేది?"

కామాగారికి సొంత భార్యతోనే సరసం ఆడడం చేతకాదు. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు టీ కప్పు పట్టుకుని, "ఏం మరదలా, ఇందులో పంచదార వేశావా, వేసినట్టు నటించావా?" అన్నాడు. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది ఆ మాట. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు లాండ్రీ ఆవిడ కిసుక్కుమంది. తర్వాత భార్య, మెడ దగ్గర గొట్టాన్ని చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. చివరికి ఆయన కూడా.

సాయంత్రాలు పాఠాలు. బుల్లికి మోకాలి మీద మచ్చ ఎలా పడింది, నాన్న దాన్ని ఏమని ముద్దుచేసేవాడు, బడికి ఏ దారిన వెళ్లేవాళ్లు, ఇవన్నీ భార్య చెబుతుంటే లాండ్రీ ఆవిడ పెదాలు కదుపుతూ వల్లెవేసేది. అప్పుడప్పుడు పాఠం పక్కదారి పట్టి ఆవిడ కథ వచ్చేది. ఆవిడ భర్త ఎత్తైన భవనాలకు రంగులు వేసేవాడు. రెండేళ్ల కింద తాడు తెగి పడ్డాడు. వెన్ను విరిగింది. లోపల కడ్డీలు వేసి ఆపరేషన్ చేస్తే లేచి కూర్చుంటాడని డాక్టర్లు చెప్పారు.

"నడవడట అక్కా. కూర్చుంటాడంతే. కూర్చుంటే చాలు. రెండేళ్లయింది ఆయన మొహం నా మొహానికి ఎదురుగా వచ్చి. ఎప్పుడు చూసినా పైనుంచి చూడ్డమే. శవాన్ని చూసినట్టు."

ఆ కిడ్నీ డబ్బు ఆ కడ్డీలకే. వేరే ఆశ ఏమీ లేదావిడకి.

ఒకరోజు కామాగారు ప్రూఫులు దిద్దుతూ, "ఈ బిల్లు వస్తే నీకు మంచిదే కదా?" అని అడిగాడు.

"ఎందుకు కాదు బావా? వస్తే నా పేరుతో నేనే వస్తాను. తలెత్తుకుని వస్తా. ఇంకోళ్ల పేరు మొయ్యాల్సిన ఖర్మేంటి నాకు?" అని, అంతలోనే, "రాకపోతేనూ మంచిదే," అంది.

"అదేంటి?"

"మా అమ్మాయికి పద్దెనిమిది నిండుతున్నాయి. ఇప్పుడైతే పోలీసులు పట్టుకుపోతారని చెప్పి మా వాళ్ల నోళ్లు మూయించొచ్చు. రేపు తప్పు కాదని చట్టమే చెప్పిందనుకో, దానికీ రెండున్నాయి కదా అంటారు. ఒకళ్లకి ఆటో కావాలి, ఇంకొకళ్లకి ఇల్లు కావాలి."

"మరి ఏది రావాలంటావ్? ఏదో ఒకటి చెప్పు."

"మా ఆయన కూర్చోవాలి," అంది లాండ్రీ ఆవిడ. "మిగతావి మీరు అచ్చేసుకోండి."

కామాగారు ఆ మాటలు రెండు పుస్తకాల్లోనూ వెతికాడు. రెండింట్లోనూ లేవు.

మూడో వారంలో భార్యకు జ్వరం తగిలింది. మిషన్ మీంచి వచ్చాక మనిషి తడిబట్టలా అయిపోయింది. లాండ్రీ ఆవిడ గోరువెచ్చటి నీళ్లతో ఆమె కాళ్లు తుడుస్తూ కూర్చుంది. కామాగారు కుర్చీలో ఉన్నాడు. ఎవరూ అడగకుండానే భార్య చెప్పడం మొదలుపెట్టింది.

"ఇద్దరికీ ఒకేసారి వచ్చింది జ్వరం. ఆసుపత్రి దూరం. నాన్నకి ఉన్నది ఒక్క సైకిలు. పెద్దది కాస్త ఎదిగిన పిల్ల, అంత దూరం సైకిలు మీద తట్టుకుంటుందని నన్ను వెనక కట్టుకున్నాడు. అది గుమ్మం పట్టుకుని నిలబడి, 'మరి నేనో?' అంది. తిరిగొచ్చేసరికి లేదు."

ముప్పై ఏళ్ల కాపురంలో కామాగారికి బుల్లి జ్వరంతో పోయిందనే తెలుసు. సైకిలు సంగతి తెలియదు. వినగానే ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది: కమిటీ ముందు కూడా ఈ కన్నీళ్లే వస్తే ఇక తిరుగుండదు. అంత చదువరి, అచ్చులో ఆవగింజంత చుక్క ఎక్కువైతే పట్టేసే మనిషి, కళ్ల ముందున్న అంత పెద్ద తప్పును చూడలేకపోయాడు. ఆయన్ని తిట్టాలో జాలిపడాలో నాకూ తెలియదు.

ఆ రోజు నుంచి భార్య వరస మారింది. పాఠం లేనప్పుడు కూడా "ఒసే బుల్లీ" అని పిలవడం మొదలుపెట్టింది. ఆవిడ తిన్నదా అని అడిగేదాకా తను ముద్ద ముట్టదు. లాండ్రీ ఆవిడ నడుం వాలిస్తే, పొట్ట దగ్గర చీర కుచ్చిళ్లు ఊపిరికి లేచి పడుతుంటే, అలాగే చూస్తూ కూర్చునేది. బాగా అలవాటు పడ్డారని కామాగారు సంబరపడ్డాడు.

కమిటీ పొద్దున పదకొండింటికి పిలిచింది. పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు. రిటైరైన జడ్జి, ఒక డాక్టరు, కళ్లద్దాల సంఘసేవిక. కాగితాలు చూశారు. మళ్లీ చూశారు. తప్పు దొరకలేదు. లాండ్రీ ఆవిడైతే అదరగొట్టేసింది.

"మీ బావ ఎలాంటి మనిషమ్మా?" అన్నాడు జడ్జి.

"మాటల్లో పిసినారండీ. టీ బాగుందని చెప్పడానిక్కూడా కామా ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటాడు."

ముగ్గురూ నవ్వేశారు. చుట్టాలాయన చెప్పిచ్చింది కాదది. ఆవిడే పుట్టించుకుంది. డాక్టరు పెన్ను మూత కూడా తీసేశాడు. తర్వాత ఆవిడను బయట కూర్చోమన్నారు. రోగిని విడిగా అడగాలి. మనిషి తూలుతోంది గనుక భర్తను పక్కన నిలబడనిచ్చారు.

"ఇది అందర్నీ అడిగేదేనమ్మా, ఏమీ అనుకోకండి," అన్నాడు జడ్జి. "మీ చెల్లెలు ఇస్తానంటోంది. పుచ్చుకోవడం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే" అనాలి. ఒక్క మాట. ఇంట్లో కామాగారు పాతికసార్లు అనిపించాడు. భార్య తలుపు వైపు చూసింది. తలుపు అద్దంలోంచి లాండ్రీ ఆవిడ వీపు కనిపిస్తోంది.

"వద్దండీ," అంది.

డాక్టరు పెన్ను ఆగింది.

"అది చిన్నది. దాని దగ్గర నేను తీసుకోలేను. ఒకసారి తీసుకున్నాను, చాలు. అక్కని కదండీ, ఇస్తే నేనివ్వాలి."

"ఒంట్లో జ్వరం సార్, ఏదో మాట్లాడుతోంది," అని కామాగారు అడ్డుపడ్డాడు.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"జ్వరం లేదండీ నాకు. తెలిసే చెబుతున్నా."

కామాగారు భార్య వైపు తిరిగాడు. ఆమె నీ చెల్లెలు కాదే, నీ చెల్లెలు పోయి నలభై ఏళ్లయిందే అని అరవాలి. అరిస్తే జైలు, కిడ్నీ పోతుంది. అరవకపోయినా కిడ్నీ పోతుంది. ఆమెను ఒప్పించగల నిజం ఒక్కటే ఉంది. ఆ గదిలో పలకకూడనిది కూడా అదొక్కటే. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

సంఘసేవిక కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. జడ్జి ఫైలు మీద 'రోగికి సమ్మతి లేదు' అని రాసి సంతకం పెట్టాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి అక్కచెల్లెళ్లను చూడలేదమ్మా," అన్నాడు గద్గదంగా. "అమ్ముకోవచ్చా కూడదా అని బయట గొంతులు చించుకుంటున్నారే, వాళ్లందరూ మిమ్మల్ని చూడాలి."

వరండాలో లాండ్రీ ఆవిడ లేచి నిలబడింది. "సంతకం అయిందా బావా?" అంది. కామాగారు జరిగింది చెప్పాడు. ముందు ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి, భార్య కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్లింది. బంట్రోతు వింటాడని గొంతు పెంచలేదు. పెంచకుండా అన్న మాటలు గనుకే అవి మరీ తగిలాయి.

"వద్దన్నావా? అక్కా, నీ చెల్లెలు చచ్చిపోయింది. నేను బతికున్నాను. నేను దాన్ని కాను. నామీద జాలిపడమని నిన్నెవరడిగారు?"

"నిన్ను చూస్తే అదే గుర్తొస్తోందే. నా వల్ల కాలేదు."

"గుర్తు రాకూడదనే కదా పరాయిదాన్ని కొనుక్కునేది! నా కిడ్నీ నీకిస్తానన్నాను, నా మొగుణ్ణి కూర్చోబెడతానన్నావు. మన మధ్య మాట అంతే. ఇప్పుడు నువ్వు మంచిదానివైపోయావు. లోపల పెద్దమనుషులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా ఆయన మాత్రం అదే మంచం మీద ఉన్నాడు."

భార్య మొహం తెల్లబోయింది. ఆ మంచం ఆమెకు అప్పుడు కనిపించింది కాబోలు. బెంచీ పట్టుకుని లేచి, "మళ్లీ లోపలికెళ్లి ఒప్పుకుంటాను, పదండి," అంది భర్తతో. కామాగారు పరుగున గుమస్తా దగ్గరికి వెళ్లాడు. సమ్మతి లేదని ఒకసారి రాశాక, ఆ ఇద్దరూ ఏడాది దాకా కమిటీ గుమ్మం తొక్కకూడదట. వేరే పేరుతో వద్దామంటే మొహాలు చూసేశారు. వేరే ఊరి కమిటీకి వెళ్దామంటే, మిషన్‌కి దూరంగా ఆమెను కదిలించే వీల్లేదు. గుమస్తా రూలు పుస్తకం తీసి చూపించాడు. అందులో ఒక్క అచ్చుతప్పు లేదు.

చుట్టాలాయన మెట్ల దగ్గర తల పట్టుకున్నాడు. "చెప్పానా లేదా మీకు? మేనత్త కోడలని రాయించి ఉంటే వచ్చే వారం ఆపరేషన్! మేనత్త కోడలి మీద ఎవరికండీ అంత ప్రేమ పొంగుకొచ్చేది?"

లాండ్రీ ఆవిడ ఇంటికి వచ్చి తన సంచీ తీసుకుంది. వెళ్తూ భార్య వైపు చూడలేదు. మడిచిన దుప్పట్లు అలాగే ఉన్నాయి.

తర్వాత మూడు రోజులు భార్యాభర్తలు మాట్లాడుకోలేదు. నాలుగోరోజు ఆమే అంది, "తిట్టేయండి నన్ను. కడుపులో పెట్టుకోకండి."

"నిన్నెందుకు తిడతానే? ఆ పేరు ఇనప్పెట్టెలోంచి తీసింది నేను," అన్నాడాయన. అన్నాక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె తన వంతు నీళ్లలోంచి రెండు గుక్కలు ఆయన చేత తాగించింది.

డాక్టరమ్మ చెప్పినట్టే గొట్టానికి చీము పట్టింది. అది నెత్తురంతా పాకింది. కమిటీ జరిగిన ఐదో నెలలో, ఒక మధ్యాహ్నం, కిటికీ పక్క మంచం మీదే ఆమె పోయింది. బిల్లును సభ వచ్చే సమావేశాలకు వాయిదా వేసింది. అటువాళ్లూ ఇటువాళ్లూ పుస్తకాలు రెండోసారి అచ్చుకిచ్చారు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు గది నిండా జనం. ప్రెస్సువాళ్లు గోడల వారన నిలబడ్డారు. వాటాల ఆడవాళ్లు కింద కూర్చున్నారు. ఇంతలో గుమ్మం దగ్గర కలకలం. "తప్పుకోండమ్మా, చెల్లెలు వచ్చింది, చెల్లెల్ని రానివ్వండి," అని ఎవరో అన్నారు. లాండ్రీ ఆవిడ లోపలికి వచ్చింది. పక్కవాటా ముసలమ్మ లేచి, తలవైపు చోటిచ్చి, "ఒక్కగానొక్క అక్క, పోయిందే తల్లీ," అని ఆవిడ భుజం నిమిరింది. లాండ్రీ ఆవిడ కాదనలేదు.

ఆవిడ చాలాసేపు అక్క మొహం చూస్తూ నిలబడింది. ఏడ్చింది. అది నటన కాదని ఆయనకు తెలుసు, నటన ఎలా ఉంటుందో నెల్లాళ్లు చూశాడు గనుక. తర్వాత కింద కూర్చోబోతూ ఎడమ పక్క నడుం పట్టుకుని, పళ్లు బిగించింది. సగంలోనే ఆగిపోయింది. కామాగారికి అర్థమైపోయింది.

దగ్గరికి వెళ్లి, వినీవినపడకుండా, "ఎవరికి?" అన్నాడు.

"వేరే ఊళ్లో ఎవరో పెద్దాయన బావా. పేరు కూడా సరిగా తెలీదు. అన్న కూతుర్నని రాయించారు." నడుం సవరించుకుని, "ఆ ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నం కూడా వేరేగా పెట్టేవాళ్లు. ఏ గొడవా లేకుండా అయిపోయింది," అంది.

ఆయన తనకు కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. వచ్చింది అసూయ. భార్య శవం పక్కన నిలబడి, ఎక్కడో ఎవరో పెద్దాయన ఈ పూట కడుపునిండా నీళ్లు తాగి ఉంటాడని ఆయన అసూయపడ్డాడు.

"మరి మీ ఆయన?"

"కూర్చున్నాడు బావా."

చెప్పకూడని చోట చెప్పినట్టు ఆవిడ తల దించుకుంది. కామాగారు మంచి మాట ఏదైనా అనాలని చూశాడు.

"ఎంతసేపు కూర్చోగలుగుతున్నాడు?" అని అడిగాడు.

"అరగంట. తర్వాత నొప్పంటాడు."

ఆ అరగంట తన భార్య ఆయుష్షులోంచి పోయిందని ఆయనకు అనిపించింది. అది న్యాయం కాదని తెలుసు. తెలిసినా అలాగే అనిపించింది. ఆవిడ ఇంకా నడుం పట్టుకుని, కూర్చోలేక నిలబడలేక అలాగే వంగి ఉంది.

"కింద కూర్చోకు, కుట్ల దగ్గర లాగుతుంది," అన్నాడు కామాగారు. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి, భార్య తల పక్కన వేశాడు.